ఆర్మా 3: మూడు తూటాలు తగిలినా శత్రువు పడకపోతే

ఆర్మా 3 అనే యుద్ధ వీడియో గేమ్‌లో 300 మీటర్ల దూరంలో ఛాతీకి మూడు తూటాలు తగిలినా శత్రువు తిరిగి కాలుస్తున్నాడని, ఆట లెక్క తప్పుతోందని మీరు రాశారు. లెక్క సరైనదేనండి. ఈ ఆటలో దూరం పెరిగేకొద్దీ తూటా వేగం తగ్గుతుంది, దాంతోపాటే దెబ్బా తగ్గుతుంది. పైగా అతని ఛాతీకి కవచం ఉంది. నిజంలోనూ అంతే: 5.56 మిల్లీమీటర్ల తూటా బరువు సుమారు 4 గ్రాములే. ఎం4 రైఫిల్ నుంచి సెకనుకు దాదాపు 900 మీటర్ల వేగంతో బయలుదేరినా, 300 మీటర్లకు చేరేసరికి అందులో మూడో వంతు దాకా పోతుంది.

కాబట్టి అంత దూరం నుంచి ఒక్కరే పోరాడకండి. మెషిన్ గన్ ఉన్న మిత్రుణ్ణి ఆగి ఆగి కాల్చమనండి. శత్రువు తల దించిన ఆ కొద్ది క్షణాల్లోనే గట్టు చాటున పక్కకు పరుగెత్తి, 100 మీటర్లలోపుకు చేరాక కాల్చండి. తేడా మీకే తెలుస్తుంది.