కొండ నది ఒడ్డున గుడారం

ప్రశ్న: మేము సియాటిల్‌లో ఉంటున్నాము. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఆగస్టులో మౌంట్ రైనియర్ నేషనల్ పార్కులోని వైట్ రివర్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంటు వేసుకోవాలనుకుంటున్నాము. జాగ్రత్తలు చెప్పగలరు.

జవాబు: అక్కడ స్నానానికి, కరెంటుకు వసతి ఉండదు. 4,000 అడుగులకు పైగా ఎత్తు కనుక ఆగస్టులోనూ రాత్రిళ్లు చలి వేస్తుంది. ఒంట్లోని వేడిని నేల లాగేస్తుంది కాబట్టి, పెద్దవాళ్లకు స్వెట్టర్లు, మంకీ క్యాపుల కన్నా ముందు కింద మందపాటి పరుపు చూడండి. ఎమ్మన్స్ హిమానీనదం నుంచి వచ్చి క్యాంప్‌గ్రౌండ్ పక్కనే పారే వైట్ రివర్ నది సన్నని రాతిపిండి కలిసి పాలనీళ్లలా కనిపిస్తుంది. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి ఉద్ధృతి పెరుగుతుంది కనుక, పొద్దున ఎంత నెమ్మదిగా పారుతున్నా అందులో స్నానానికి దిగవద్దని నాన్నగారికి ముందే గట్టిగా చెప్పండి. పులిహోర, పచ్చడి సీసాలే కాదు, సబ్బు, టూత్‌పేస్టు వాసనకూ ఎలుగుబంట్లు వస్తాయి. పడుకునే ముందు అన్నీ కారులో పెట్టి తాళం వేయండి.