నానీ, ఇన్సులిన్ అయిపోయే దాకా ఆగకు

చిరంజీవి నానికి అత్తయ్య ఆశీస్సులు.

లీడ్స్‌లో సీటొచ్చిందని అన్నయ్య చెప్పగానే సంతోషంతో నాకు నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. చిన్నప్పుడు నీకు షుగరొచ్చినప్పటి నుంచి ఇన్సులిన్ ఎప్పుడు తేవాలో వదినే చూసుకుంది. గుంటూరులో అయితే మందుల షాపాయన మొహం చూసి ఇచ్చేస్తాడు. ఇక్కడ ఇంగ్లండులో సర్జరీలో, అంటే మీ పేట డాక్టరు దగ్గర, ప్రిస్క్రిప్షన్ రాయించుకోవాలి. దానికి టైమ్ పడుతుంది.

దిగిన వారంలోనే సర్జరీలో రిజిస్టర్ చేయించుకో, డబ్బులేమీ అడగరు. మన డాక్టరుగారి ఉత్తరం తెచ్చుకో. ఇన్సులిన్ చేతిసంచిలోనే పెట్టుకో, కింద లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడవుతుంది. ఇంట్లో ఉన్న ఎర్రమూత సిరంజీలు మాత్రం ఒక్కటి కూడా తేవద్దు. అవి మన 40 యూనిట్ల సీసాల కోసం చేసినవి. ఇక్కడ మామూలుగా ఇచ్చేది మిల్లీలీటరుకు 100 యూనిట్లది. ఆ సిరంజీతో దీన్ని ఎక్కించావంటే రెండున్నర రెట్ల మందు ఒంట్లోకి పోతుంది. తలుచుకుంటేనే నాకు కాళ్లు వణుకుతాయి.

ఇంగ్లండులో ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. ఇన్సులిన్ వాడేవాళ్లకు ఫ్రీయే, కానీ సర్టిఫికెట్ ఉండాలి. సర్జరీలో ఎఫ్‌పి92ఎ ఫారం అడుగు, ఒకసారి వస్తే 5 ఏళ్లు పనికొస్తుంది. అది రాకముందే ఫ్రీ అని టిక్ పెట్టకు, 100 పౌండ్ల దాకా జరిమానా వేస్తారు.

ఇక మీ మామయ్య సంగతి. ఆయనా ఇన్సులిన్ వాడతాడుగా, ఎప్పుడూ చివరి ఇన్సులిన్ పెన్ను తీశాకే ఆర్డరు పెట్టేవాడు. ఒక ఏడాది ఈస్టరుకు ముందు గురువారం మందులు ఆర్డరు పెట్టే యాప్‌లో నొక్కి, పని అయిపోయిందనుకున్నాడు. సర్జరీవాళ్లు చూడ్డానికే రెండు పనిరోజులు పడుతుంది, ఆపైన ఫార్మసీ టైమ్ వేరు. గుడ్ ఫ్రైడే, శని, ఆదివారాలు, ఈస్టర్ మండే, అన్నీ సెలవులే. పైగా రివ్యూ, అంటే మందులు సరిగ్గా ఉన్నాయో లేదో సర్జరీవాళ్లు చూసే తేదీ, దాటిపోయిందని రిక్వెస్టు తిప్పి పంపారు. ఆ మెసేజ్ ఆయన చూడనే లేదు. శనివారం రాత్రి వంటింటి లైటు కింద పెన్ను పైకెత్తి, మందు ఏ గీత దాకా ఉందో లెక్కపెడుతూ కనిపించాడు. నాకు చెప్పకుండా డోసు తగ్గించేసి, అన్నం మానేస్తే సరిపోతుందని కూర్చున్నాడు. తిండి మానినా ఒంటికి ఇన్సులిన్ కావాల్సిందే కదా! ఎంత తిట్టానో, తిడుతూ ఎంత ఏడ్చానో. 111కి, అంటే ఇక్కడి ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తే, తెరిచి ఉన్న ఫార్మసీకి పంపి అత్యవసరంగా ఇప్పించారు. అప్పటికే ఆయన పెదాలు ఎండిపోయి, గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగుతున్నాడు.

నువ్వూ అచ్చం ఆయనలాగే, నానీ. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని నోరు మెదపవు. చిన్నప్పుడు పెళ్లిళ్లలో షుగర్ పడిపోయి చెమటలు పడుతున్నా బాగానే ఉన్నానంటూ నవ్వేవాడివి. ఇక్కడ ఒక్కడివే ఉంటావు, ఆ నవ్వు చూసి గుర్తుపట్టేవాళ్లు ఉండరు.

అందుకే ఫ్రిజ్‌లో విప్పని పెట్టె ఒకటి ఎప్పుడూ ఉండాలి. మందు అయిపోవడానికి పది రోజుల ముందే ఆర్డరు పెట్టు. క్రిస్మస్‌కు, ఈస్టరుకు ఇంకా ముందు. మరీ తొందరని ఒప్పుకోకపోతే రిసెప్షన్‌లో సెలవుల సంగతి చెప్పు. సూదులు, షుగర్ చూసుకునే స్ట్రిప్పులు వేరే వేరే ఐటమ్‌లు, వాటికీ టిక్ పెట్టాలి. ఆర్డరు పెట్టాక మూడో రోజు యాప్‌లో మళ్లీ చూడు. ఒప్పుకున్నారని ఉంటేనే ఫార్మసీకి వెళ్లు. రివ్యూకి రమ్మంటే క్లాసు పోయినా సరే వెళ్లాలి.

రిజిస్టర్ అయిన రోజే నీ రివ్యూ తేదీ నాకు వాట్సాప్ చెయ్యి, నా ఫోన్లో కూడా పెట్టుకుంటాను. అర్ధరాత్రయినా సరే, మందు తక్కువైందనిపిస్తే ముందు 111, వెంటనే నాకు. లెస్టర్ నుంచి రెండు గంటల్లో వచ్చేస్తాం.

మీ అత్తయ్య