కువైట్ రాయబార కార్యాలయం ఎక్కడుంది?

సందేహం: “కువైట్ రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించిన కోనసీమ మహిళ” అన్న శీర్షిక చదివాం. ఆమె ఢిల్లీ వచ్చి మొరపెట్టుకుందా, కువైట్‌లోనే ఉండి పెట్టుకుందా అని మా అరుగు మీద పెద్ద వాదన జరిగింది. పైగా, ఎంబసీ ఉన్న నేల ఆ పరాయి దేశానిదే అవుతుందని ఒకాయన గట్టిగా అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

సమాధానం: ఆ శీర్షిక ప్రకారమైతే ఆమె ఢిల్లీలోనే ఉండాలి. వార్త రాసినాయన మనసులో ఉన్నది మాత్రం బహుశా కువైట్‌లోని మన కార్యాలయం. గల్ఫ్‌లో యజమానితో పేచీ వచ్చినవాళ్లు, పాస్‌పోర్టు చేతిలో లేనివాళ్లు పరుగెత్తేది అక్కడికే కదా.

చిక్కు ఎక్కడ వచ్చిందో చూడండి. మీ ఊరి కొబ్బరి మార్కెట్‌ను “అంబాజీపేట మార్కెట్” అంటారు. “అమలాపురం బస్టాండు”, “రాజోలు తాలూకా ఆఫీసు” కూడా అంతే. ఊరి పేరు ముందు చేరితే అది చోటును చెబుతుంది. ఈ అలవాటుతోనే “కువైట్ రాయబార కార్యాలయం” అనగానే కువైట్‌లో ఉన్నదనుకుంటాం. ఇక్కడ దేశం పేరు చెప్పేది చోటును కాదు, సొంతదారును. అది షష్ఠీ తత్పురుషం: కువైట్ యొక్క కార్యాలయం. అది ఉండేది ఢిల్లీలో, చాణక్యపురిలో. ద్రాక్షారామం దగ్గర డచ్చివారి పాత సమాధులున్న చోటును “ఒలందు దిబ్బ” అంటారు. అది హాలండులోని దిబ్బ అని ఎవరైనా అనుకుంటారా?

కాబట్టి రెండు దేశాల ప్రసక్తి వచ్చినప్పుడు పొదుపు పనికిరాదు. చోటుకు “లోని” చేర్చి ముందు రాసి, సొంతదారును తరువాత రాయాలి: “కువైట్‌లోని భారత రాయబార కార్యాలయం”. శీర్షికలో చోటు చాలదంటారేమో. “కువైట్‌లో మన ఎంబసీ” అంటే సరిపోతుంది. అరుగు మీద తగవూ ఉండదు.

పేరు సొంతదారుదే అయినా, కట్టడం తీరు కూడా ఆ దేశానిదే కానక్కరలేదు. చాణక్యపురి 1950లలో రూపుదిద్దుకున్న దౌత్య ప్రాంతం. అక్కడి అమెరికా ఎంబసీని ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ అనే అమెరికా వాస్తుశిల్పి రూపొందించగా 1959లో ప్రారంభించారు. ఎత్తైన అరుగు, చుట్టూ బంగారు పూతతో సన్నని స్తంభాలు, వాటి వెనక ఎండను వడకట్టే తెల్లని జాలీ గోడ, లోపల నీటి కొలను. ఆ జాలీ మన మొగలు కట్టడాలను గుర్తుకు తెస్తుంది. బెల్జియం ఎంబసీ మరీ విచిత్రం: దాన్ని రూపొందించింది మన చిత్రకారుడు, శిల్పి సతీశ్ గుజ్రాల్. ఎర్రని ఇటుక గోడలతో, గుమ్మటాలతో ఉన్న ఆ భవనాన్ని 1980లలో కట్టారు. ఈ రెండిట్లో ఏది “విదేశీ కట్టడం” అని నన్నడిగితే జవాబు చెప్పడానికి తడుముకుంటాను.

ఇక నేల మాట. మీ ఊరాయన చెప్పేది చాలామంది నమ్మేదే, కానీ తప్పు. 1961 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం కార్యాలయాధిపతి అనుమతి లేకుండా ఆతిథ్య దేశపు పోలీసులు లోపల అడుగు పెట్టకూడదు. అంతవరకే. నేల మాత్రం ఆతిథ్య దేశపు భూభాగమే. పరాయి దేశపు ఏలుబడిలోని నేల ఎలా ఉంటుందో మీ ప్రాంతం వారికి వేరే చెప్పాలా? యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలన సాగింది. చట్టరీత్యా బదిలీ 1962లో గాని పూర్తి కాలేదు. ఎంబసీ అలాంటిది కాదు. అందువల్ల “ఎంబసీ భూభాగం” అని కాకుండా “ఎంబసీ ఆవరణ” అని రాయడం మేలు.

మీరు అడగకపోయినా ఇంకొకటి. వీసా ఇంటర్వ్యూకు “హైదరాబాద్ ఎంబసీకి” వెళ్తున్నామని కోనసీమలో ఇంటింటా వింటాం. ఎంబసీ రాజధానిలోనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఉన్నది అమెరికా కాన్సులేట్, అంటే వీసాల వంటి పనులు చూసే, ఎంబసీ కింది కార్యాలయం. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. బ్రిటన్, పాకిస్థాన్ వంటి కామన్వెల్త్ దేశాలు ఢిల్లీలో నడిపేవాటిని హైకమిషన్లంటారు. ఆ మాటను అలాగే ఉంచండి. “రాయభార” అని ఒత్తు పెట్టి రాయడం మాత్రం మానేయండి. వాడుకలో స్థిరపడిన రూపం “రాయబార”.