చివరి రెండు రోజులు నేనే పాడుచేశానా?

మాది కడప. వయసు 24. కలిసి చదువుకున్న నలుగురు స్నేహితురాళ్లం మే నెలలో అండమాన్ వెళ్లొచ్చాం. మొదట్లో ఎంతో బాగుంది. స్వరాజ్ ద్వీప్‌లో ఉండగా వాన పట్టుకుని బోట్లు ఆగిపోయాయి. ఒకే గదిలో ఇంకో రెండు రోజులు ఉండాల్సి వచ్చింది. బెంగళూరులో ఉద్యోగం చేసే ఫ్రెండ్ ‘అద్దె నేను కడతాలే’ అంటే, ‘నీ జీతం చూపించుకోవడానికా మమ్మల్ని తీసుకొచ్చింది?’ అనేశాను. ఆ తర్వాత ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకమ్మాయి ఆగస్టులో చదువుకు అమెరికా వెళ్తోంది. ఇంకొకామె తను కోరుకున్న అబ్బాయినే శ్రావణంలో పెళ్లి చేసుకుంటోంది. నేను డీఎస్సీకి చదువుతున్నాను. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో ఎవరూ మాట్లాడట్లేదు. ఫొటోలు చూడాలన్నా మనసొప్పట్లేదు, రాత్రుళ్లు నిద్ర రావట్లేదు. నాది అసూయా? గ్రూపులోంచి వచ్చేయనా? పెళ్లికి ముందు ఇదొక్కటే, రాగానే సంబంధాలు చూస్తామని చెప్పే మా నాయన నన్ను పంపించాడు.
- ఒక సోదరి, కడప

గ్రూపులోంచి రావద్దమ్మా. ఆ మాట అనడం తప్పే, దాన్ని సరిదిద్దుకోవచ్చు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది అది కాదు, చిట్టచివర రాసిన ఒక్క వాక్యం. నాయన పెట్టిన షరతు. మీ ముగ్గురు స్నేహితురాళ్లకూ ఈ టూరు తర్వాత తాము కోరుకున్నదేదో మొదలవుతోంది, లేదా ఇప్పటికే ఉంది. మీకేమో ఉద్యోగం ఇంకా రాలేదు, పెళ్లి ఎవరితోనో తెలియదు. తిరుగు ప్రయాణం దగ్గరపడేకొద్దీ మీకు దిగులు పుట్టకపోతేనే ఆశ్చర్యం. ఆ దిగులు ఎవరికీ చెప్పుకోలేక కోపమైంది, ఎదురుగా ఉన్న మనిషి మీద పడింది. దానికి అసూయ అని పేరు పెట్టుకోకండి. వాళ్లకు దక్కింది పోవాలని మీరెక్కడా కోరుకోలేదు. వాళ్లు దూరమైపోతున్నారనే బెంగే ఉత్తరమంతా కనిపిస్తోంది.

మీరు వెళ్లిన సమయం కూడా అలాంటిదే. నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందుగా చేరేది అండమాన్‌కే, మే మూడో వారం అటూ ఇటూగా. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే బోట్లు ఆపేస్తారు. ఆ దీవులు ఎంతో తూర్పున ఉన్నా గడియారం మనదే కాబట్టి సాయంత్రం ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. వాన, తొందరగా వచ్చే చీకటి, నలుగురికీ ఒకే గది. ఎంత దగ్గరి వాళ్లయినా అక్కడ మాటామాటా అనుకుంటారు.

ఫొటోలు చూడబుద్ధి కాకపోవడం గురించి ఒకటి చెప్పాలి. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన బృందంతో చేసి 1993లో ప్రచురించిన ప్రయోగం ఇది. కొందరి చేత చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. మరోసారి అదే 60 సెకన్లు, దానిమీద ఇంకో 30 సెకన్లు పెట్టించి, ఆ చివరి 30 సెకన్లలో నీటిని ఒక డిగ్రీ మేర వేడెక్కించారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది చేస్తారంటే ఎక్కువ మంది రెండోదే కోరుకున్నారు. ఎక్కువసేపు బాధపడ్డా, చివర్లో కాస్త తేలికైందని. మన జ్ఞాపకం మీద ముగింపుకు అంత పట్టు ఉంటుంది. అందుకే చివరి రెండు రోజులు మొదటి రోజులన్నిటినీ కప్పేశాయి. అయితే మీ టూరుకు ముగింపు ఎయిర్‌పోర్టులో ముభావంగా విడిపోవడమే కానక్కర్లేదు. ఆగస్టు లోపు నలుగురూ ఇంకోసారి కలవండి. గండికోట దాకా వెళ్తారో, మీ ఇంట్లోనే కారం దోశలు వేసుకుంటారో మీ ఇష్టం.

దానికి ముందు బెంగళూరు అమ్మాయికి ఫోన్ చేయండి. మెసేజ్ వద్దు, గ్రూపులో అసలే వద్దు. ‘ఏమే, ఆ రోజు నీ జీతం గురించి నేనన్న మాట తప్పు. ఇంటికొస్తే సంబంధాలు మొదలవుతాయని లోపల టెన్షన్ పడుతూ నీ మీద అరిచాను’ అనండి. ‘కానీ నువ్వు కూడా’ అని కొనసాగించొద్దు. గది అద్దెలో మీ వాటా ఎంతో అడగండి. ఆమె వద్దంటుంది. అయినా నెల నెలా కొంచెంగానైనా ఇచ్చేయండి. ఇవ్వకపోతే గుచ్చుకునేది మీకే.

నిద్ర ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక నాయన. స్నేహితురాళ్లతో అంత దూరం పంపిన మనిషి మీ మాట అసలు వినడని నేననుకోను. టూరుకు పంపినందుకు బదులుగా పెళ్లికి తల ఊపాలన్న లెక్క ముందు మీ మనసులోంచి తీసేయండి. అమ్మనో జేజినో పక్కన పెట్టుకుని, ‘పెళ్లి వద్దనట్లేదు, ఉగాది దాకా చదువుకోనియ్యి నాయనా’ అనండి. గడువు చెప్పకుండా ‘ఇప్పుడే వద్దు’ అంటే పెద్దవాళ్లకు వినబడేది ‘వద్దు’ ఒక్కటే. ఆయన ససేమిరా అని చూపులు పెట్టినా, అబ్బాయితో విడిగా మాట్లాడతానని, పెళ్లయ్యాక టీచరు ఉద్యోగం చేయనిస్తారో లేదో తేలాకే జవాబు చెబుతానని ముందే గట్టిగా చెప్పండి.