మక్కీకి మక్కీ వాయిస్తే నివాళి అవుతుందా?

ప్రశ్న: చనిపోయిన శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్‌కి నివాళిగా సూపర్‌శాక్స్ అనే జాజ్ బృందం చేసిన 'సూపర్‌శాక్స్ ప్లేస్ బర్డ్' ఆల్బమ్ విన్నాను. ఆయన అప్పటికప్పుడు అల్లి వాయించిన వాటినే వీళ్లు మక్కీకి మక్కీ దింపేశారట. జాజ్ అంటేనే మనోధర్మం కదా, మరి ఇది కాపీ కాదా?

జవాబు: కాపీయేనండీ, మొహమాటం దేనికి. కానీ అలా కాపీ కొట్టడానికి ఎంత దమ్ము కావాలో కూడా చూడాలి. పార్కర్ (ముద్దుపేరు 'బర్డ్') 1955లో, 34 ఏళ్లకే పోయారు. మెడ్ ఫ్లోరీ, బడీ క్లార్క్ అనే ఇద్దరు 1972లో ఈ బృందాన్ని కట్టారు. రెండు ఆల్టోలు, రెండు టెనార్లు, ఒక బారిటోన్ (సన్న గొంతు నుంచి లావు గొంతు దాకా వరసగా శాక్సోఫోన్ రకాలివి), మొత్తం ఐదు శాక్సోఫోన్లు. పార్కర్ ఒక్కరే ఊదిన వరసని ఇక్కడ పై ఆల్టో వాయిస్తుంటే, బారిటోన్ అదే వరసని ఒక స్థాయి కింద పట్టుకుంటుంది, మిగతా ముగ్గురూ ఆ మధ్య ఖాళీని వేరే స్వరాలతో నింపుతారు. పాపం ఆ ముగ్గురికీ అసలు వరస కూడా దక్కదు, విడిగా వింటే తలాతోకా లేనట్టుండే స్వరాల్ని పార్కర్ వేగంలోనే వాయించాలి. ఆ వేగమంటే మాటలా, 1945లో ఆయన రికార్డు చేసిన 'కో-కో' నిమిషానికి సుమారు 300 బీట్లతో పరుగెడుతుంది, కాలితో తాళం వేయబోతే నాకు పిక్క పట్టేసింది. పైగా పార్కర్‌కి ఊపిరి ఎక్కడ ఆపాలన్నది ఆయన ఇష్టం. వీళ్లు ఐదుగురూ ఆయన ఆపిన చోటే, ఒక్కసారిగా ఆపాలి.

అయినా మీ అనుమానంలో న్యాయం ఉంది. ఈ ఆల్బమ్‌కి గ్రామీ కూడా వచ్చింది, సరే, కానీ అందులో సొంతంగా అల్లుకునే అవకాశం ట్రంపెట్‌కి దక్కింది గానీ శాక్సోఫోన్ల వాళ్లకి కాదు, శాక్సోఫోన్ విద్వాంసుడికి నివాళి అని పెట్టుకుని ఇదేం పద్ధతో నాకూ అర్థం కాదు! పార్కర్ వాయిస్తుంటే తర్వాత ఎటు తిరుగుతారో అని చిన్న టెన్షన్ ఉంటుంది చూశారూ, అది ఇక్కడ లేదు. దాని బదులు ఒక్క గీతలా విన్నది నిండుగా, దళసరిగా వినిపిస్తుంది.

ఒక పని చేయండి. 'పార్కర్స్ మూడ్' ముందు ఆయనది వినండి, వెంటనే వీళ్లది పెట్టండి. నెమ్మదిగా సాగే బ్లూస్ కాబట్టి కింద బారిటోన్ ఎక్కడ నడుస్తోందో చెవికి దొరుకుతుంది. 'కో-కో'లో మాత్రం వెతక్కండి, దొరకదు.