ఆ బెంచీ ఎన్నాళ్ళు ఖాళీగా ఉంచాలి?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద వచ్చాయి: బడిలో ఎవరైనా చనిపోతే నివాళి ఎలా జరపాలి, ఎంతవరకు జరపాలి. దగ్గరగా ఉన్న ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి అబ్బాయి ఆదివారం రాత్రి బైకు ప్రమాదంలో చనిపోయాడు. సోమవారం ప్రార్థనలో చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటించి, సెలవిచ్చేశాం. పిల్లల్ని పట్టలేకపోయాం. కొందరు ముగ్గురేసి బైకులెక్కి అంత్యక్రియలకు వెళ్ళారు. ఎక్కడ పొరపాటు చేశాం?
— ప్రధానోపాధ్యాయురాలు, నంద్యాల జిల్లా

జవాబు: రెండు చోట్ల. ఒకటి, ఐదారు వందల మందికి ఒకేసారి మైకులో చెప్పడం. గుంపులో ఒకరి ఏడుపు ఇంకొకరికి పాకుతుంది, ఎవరు తట్టుకోలేకపోతున్నారో పోల్చుకోలేం. రెండు, సెలవు. గౌరవంగా సెలవివ్వడం మనకు ఆనవాయితీయే, కానీ అమ్మానాన్నలు పొలానికో పనికో వెళ్ళిన ఇంటికి పిల్లాడు ఒక్కడే చేరతాడు, లేదా మీరు చూసినట్టే రోడ్డెక్కుతాడు.

ముందు కుటుంబంలో ఒకరితో మాట్లాడి వార్త ఖాయం చేసుకోండి. వాట్సాప్‌ని నమ్మవద్దు. పిల్లలకు ఏం చెప్పవచ్చో కూడా అప్పుడే అడగండి. గంట కొట్టడానికి ఇరవై నిమిషాల ముందు టీచర్లందర్నీ కూర్చోబెట్టి నాలుగైదు వాక్యాల కాగితం చేతికివ్వండి. వంట చేసేవాళ్ళకు, ఆయాకు, వ్యాను డ్రైవరుకు కూడా అదే మాట చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ముందు అడిగేది వాళ్ళనే. తర్వాత ఒకే సమయానికి ఏ తరగతిలో ఆ తరగతి టీచరు చదువుతారు. ఆ అబ్బాయి సెక్షన్‌కు ఇద్దరు వెళ్ళాలి: ఒకరు చెబుతారు, ఒకరు పిల్లల ముఖాలు చూస్తారు. తమ్ముడో చెల్లెలో అదే బడిలో ఉంటే వాళ్ళ తరగతిని మరచిపోకండి.

మాట సూటిగా ఉండాలి. ‘చనిపోయాడు’ అనండి. ‘దేవుడి దగ్గరికి వెళ్ళాడు’, ‘నిద్రపోయాడు’ అంటే ఒకటో రెండో తరగతి పిల్లలు అక్షరాలా నమ్ముతారు. రాత్రి పడుకోవడానికి భయపడతారు.

ఆ రోజు పాఠాలు ఆపండి, బడి ఆపకండి. భోజనం మామూలుగా పెట్టండి. అంత్యక్రియలకు వెళ్ళదలచిన పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, ఇద్దరు టీచర్లతో ఒకే వాహనంలో పంపండి.

అందరూ మరచిపోయేది హాజరు. మర్నాడు అలవాటుగా ఆ పేరు పిలవడం, తరగతంతా స్తంభించిపోవడం చాలా బడుల్లో జరిగేదే. రిజిస్టరు మీద చీటీ అంటించి పెట్టుకోండి. హాజరు యాప్‌లో, యూడైస్‌లో (బడుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు) పేరు తీయించే పని ఒకరికి అప్పగించండి. లేకపోతే ‘మీ అబ్బాయి ఈరోజు బడికి రాలేదు’ అని ఆ తల్లి ఫోనుకే ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ఫీజు గుర్తుచేసే సందేశాలూ అంతే.

బెంచీ సంగతి. అదే రోజు తీసేస్తే పిల్లలు క్షమించరు, ఏడాదంతా ఉంచితే ఆ మూలవైపు చూడటానికే జంకుతారు. పదకొండో రోజు దాకా ఉంచి, ముందురోజు చెప్పి, తరగతి మొత్తం కూర్చునే వరసలు మార్చేయండి. ఆ ఒక్క బెంచీనే జరిపితే కుదరదు. నోటుపుస్తకాలు, రికార్డులు, బ్యాగు ఇద్దరు టీచర్లు ఇంటికి వెళ్ళి ఇవ్వాలి. తండ్రిని ఆఫీసుకు పిలిచి టీసీతో పాటు చేతిలో పెట్టకూడదు.

గేటుకు ఫ్లెక్సీ కడితే, దించే తేదీ కట్టిన రోజే రాసుకోండి. వానకు చిరిగి సగం ముఖం వేలాడే ‘కన్నీటి నివాళి’ని రోజూ చూస్తూ అదే దారిన వెళ్ళాల్సింది ఆ తల్లి. ఫొటోకు దండ, దీపం కూడా అడిగే పెట్టాలి. ముస్లిం కుటుంబాలు, కొన్ని క్రైస్తవ కుటుంబాలు వద్దనవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి జూనియర్ కాలేజీలో ఒక విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. స్నేహితులు పెద్ద సంతాప సభ, ఆమె పేరుతో గ్రంథాలయ గది కావాలంటున్నారు. యాజమాన్యమేమో అసలేమీ జరగనట్టే ఉంది. ఎవరిది సరి?
— ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ఇద్దరిదీ కాదు. రోడ్డు ప్రమాదంలో పోయిన పిల్లకు ఏం చేస్తారో ఈ అమ్మాయికీ అంతే చేయాలి. ఏమీ చేయకపోతే ఆ కుటుంబం మీద మచ్చ వేసినట్టవుతుంది. ఎక్కువ చేస్తే అప్పటికే కుంగిపోయి ఉన్న ఇంకో పిల్లకు, చనిపోతేనే పదిమందీ గుర్తిస్తారన్న భావం కలుగుతుంది. ఒక మరణం చూసి దగ్గరి వయసు పిల్లలు అదే దారి పట్టే ప్రమాదం నిజమైనది. అమెరికాలో ఆత్మహత్యల నివారణ సంస్థలు బడుల కోసం 2011లో తయారుచేసి, 2018లో సవరించిన మార్గదర్శిక కూడా ఈ మాటే చెబుతుంది: అన్ని మరణాలకూ ఒకే పద్ధతి పాటించండి, ఇలాంటప్పుడు శాశ్వత చిహ్నాలు పెట్టకండి.

అంటే గదికి పేరు వద్దు, ఫొటోతో ర్యాలీ వద్దు, ఎలా జరిగిందన్న వివరం ఎక్కడా వద్దు. ‘మార్కులు తగ్గినందుకే’ అని ఒకే కారణానికి ముడిపెట్టడమూ తప్పే. కారణం చెప్పవద్దని కుటుంబం కోరితే ‘వాళ్ళు ఆ విషయం మాట్లాడదలచుకోలేదు’ అనాలి, అబద్ధం చెప్పకూడదు. స్నేహితులు చిన్న గుంపులుగా, కౌన్సెలర్ దగ్గర కూర్చుని కుటుంబానికి ఉత్తరాలు రాయవచ్చు. వాటిని ఒక పెద్ద మనిషి చదివాకే పంపాలి. హాస్టల్లో అదే గదిలో ఉన్నవాళ్ళను, ఈ మధ్య ఆమెతో గొడవపడిన పిల్లను కొన్ని వారాలు కనిపెట్టి ఉండండి. తప్పంతా తనదేనని మనసులో కుమిలేది ఎక్కువగా ఆ గొడవపడిన పిల్లే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ నంబరు 14416ను నోటీసు బోర్డు మీద రాయండి. తెలుగులోనూ మాట్లాడతారు, పగలూ రాత్రీ పలుకుతుంది.

ఒక చట్టం మాట. మరణం వెనక లైంగిక నేరం ఉందన్న కేసుంటే పేరు, ఫొటో, బడి పేరు ఏవీ బయట పెట్టకూడదు. బాధితురాలు చనిపోయినా, బంధువులు ఒప్పుకున్నా ఆ గోప్యత ఉంటుందని సుప్రీంకోర్టు 2018లో నిపుణ్ సక్సేనా కేసులో చెప్పింది. మినహాయింపు కావాలంటే సెషన్స్ జడ్జి దగ్గరికే వెళ్ళాలి. కొవ్వొత్తుల ర్యాలీకి ఫ్లెక్సీ కొట్టించే ముందు ఇది చూసుకోండి.

ప్రశ్న: సర్వీసులో ఉండగా పోయిన మా లెక్కల మాస్టారి పేరుతో 60,000 రూపాయలు పోగు చేశాం. స్మారక బహుమతి పెడదామనుకుంటున్నాం.
— పూర్వ విద్యార్థులు, అమలాపురం

జవాబు: మంచి ఆలోచనే, కానీ ఇలాంటి బహుమతులు నాలుగైదేళ్ళకు ఆగిపోవడమే ఎక్కువ. ప్రధానోపాధ్యాయుడు బదిలీ అవుతాడు, డిపాజిట్ రసీదు బీరువాలో ఉండిపోతుంది. గడువు తీరాక తీసుకోని డిపాజిట్‌కు బ్యాంకు ఒప్పుకున్న వడ్డీ, సేవింగ్స్ వడ్డీల్లో ఏది తక్కువైతే అదే ఇస్తుంది. పదేళ్ళు ఎవరూ అడగకపోతే డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గరి డిపాజిటర్ల నిధికి వెళ్ళిపోతుంది. తిరిగి తెచ్చుకోవచ్చు, తిరగడమే తప్పదు. మీ బడిలో పాత నిధులేవైనా అలా పోయాయేమో ఎవరూ అడగని డిపాజిట్లను వెతికేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన ఉద్గమ్ పోర్టల్లో చూడండి.

డిపాజిట్ బడి పేరునే ఉండాలి, మీలో ఎవరి సొంత పేరునా వద్దు. ఇద్దరి సంతకంతో నడవాలి. రసీదు నకలు చార్జి అప్పగించే జాబితాలో వరుస సంఖ్యతో చేర్పించండి. ఇంకో నకలు మీ దగ్గర. 6.5 శాతం లెక్కన ఏడాదికి 3,900 వస్తుంది. 3,000 బహుమతికి వాడి, 900 అసలులో కలపండి. పది శాతం వడ్డీ రోజుల్లో 5,000 వేసి ‘ఏటా 500’ అని రాసుకున్న నిధుల మీద ఈ 6.5 శాతం లెక్కన 325 వస్తుంది. దానికి షీల్డు కూడా రాదు.

నియమాలు ఒక పేజీలో రాయండి: మార్కులు సమానమైతే ఎవరికి, ఏ రోజున ఇస్తారు, బడిని వేరే బడిలో కలిపేస్తే డబ్బు ఎక్కడికి. ఈ చివరి ప్రశ్న ఎవరూ రాసుకోరు, బడులు మాత్రం కలుస్తూనే ఉన్నాయి. ఇక మొదటి ర్యాంకుకే ఇవ్వాలని లేదు. మొదటి సమ్మెటివ్ పరీక్షకూ రెండోదానికీ మధ్య లెక్కల్లో ఎక్కువ మార్కులు పెంచుకున్న పిల్లకిస్తే, లెక్కలంటే బెదిరేవాళ్ళకూ మాస్టారి పేరు తెలుస్తుంది.

ప్రశ్న: మొక్క నాటడం మేలు కాదా? ఖర్చు లేదుగా.
— ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: నాటితే వానలు పడ్డాక, జూన్ చివరి నుంచి ఆగస్టు లోపు. ట్రీగార్డు, ఏప్రిల్ మే సెలవుల్లో నీళ్ళు పోసే మనిషి, రెండూ లేకుండా వద్దు. ఎండిన మొక్క పక్కన బిడ్డ పేరు పలక నిలబడి ఉంటే కన్నవాళ్ళకు మళ్ళీ కడుపుకోతే. పిల్లల పేరు పెట్టకుండా ఒక వరస కానుగ గానీ వేప గానీ నాటి, జ్ఞాపకాల తోట అనండి. ఒకటి పోయినా ఎవరి పేరూ పోదు. కొత్త గదులకు స్థలం ఎక్కడ తీస్తారో ఇంజనీరును ముందే అడగండి.

ప్రశ్న: డాలస్‌లో మా అబ్బాయి స్నేహితుడు చనిపోతే, ఇయర్‌బుక్‌లో (బడి ఏటా వేసే ఫొటోల పుస్తకం) నిండు పేజీ ఇవ్వబోమని బడివాళ్ళు అన్నారు. ఇంత కఠినమా?
— ఒక తల్లి

జవాబు: అమెరికాలో చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఆ ప్రాంతపు బడుల్ని నడిపే స్థానిక సంస్థలు) స్మారకాలకు రాతపూర్వక విధానం ఉంటుంది. దాని ప్రతి అడిగి చదవండి. ఒకరికి నిండు పేజీ ఇస్తే మరుసటి ఏడాది ఇంకొకరికి కాదనలేరు, అందుకే చాలాచోట్ల అందరికీ ఒకే కొలత. ఆ పిల్లాడి స్నేహితులు రాసిన పేజీల్ని మీరే విడిగా పుస్తకం కుట్టించి ఇంటికి ఇవ్వవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: మా బడి ఆయా పోతే ప్రార్థనలో రెండు నిమిషాలతో సరిపెట్టారు. రిటైరైన హెచ్చెమ్‌కు సభ, ఫొటో, శాలువా. ఇది న్యాయమా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, తెనాలి

జవాబు: కాదమ్మా. మీ హెచ్చెమ్ గారికి ఈ పేజీ చూపించు. తరగతిలో అందరూ ఆవిడ గురించి ఒక్కో వాక్యం రాసి, కాగితాలన్నీ కుట్టి, క్లాస్ టీచరుతో కలిసి వాళ్ళింటికి తీసుకెళ్ళండి. ఆవిడ పూర్తి పేరు మీ బడిలో ఎంతమందికి తెలుసో ముందు కనుక్కో, అట్ట మీద అదే రాయాలి.