కనిపెట్టుట అంటే గడువు లెక్కపెట్టుటయా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది, సంతానం లేదు. ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డులు తొమ్మిదీ నా బైబిలులోనే దాచుకున్నాను. మూడేళ్ళ కిందట ఒక సభలో ప్రసంగీకులు నా తలమీద చేయి ఉంచి, వచ్చే ఏడాది ఈ వేళకు నీ ఒడిలో బిడ్డ ఉంటుందని చెప్పారు. అలా జరగలేదు. ఆసుపత్రికి వెళ్తుంటే స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ, “శారా తొందరపడి హాగరును తెచ్చినట్టు చేస్తున్నావు, దేవుని కొరకు కనిపెట్టాలి” అన్నారు. నాకు విశ్వాసం తక్కువా? ఇంకా ఎన్నాళ్ళు, ఎలా కనిపెట్టాలి?
– ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: సోదరీ, ముందు ఆ ప్రసంగీకుల మాట సంగతి చూద్దాం. ‘వచ్చే ఏడాది ఈ వేళకు’ అన్నది మమ్రే దగ్గర గుడారంలో ఉన్న శారాను గురించి పలికిన మాట. అటువంటి మాటనే ఎలీషా ప్రవక్త షూనేము ఊరి స్త్రీతో చెప్పాడు. ఆ ఇద్దరికి దక్కిన మాటను తెచ్చి మూడో స్త్రీ తలమీద పెట్టే అధికారం ఎవరిచ్చారో, అది ఎందుకు జరగలేదో ఆయనే చెప్పుకోవాలి, ఆ బరువు మీది కాదు. వాగ్దాన కార్డుల మీది వచనాలు సత్యమే, వాటిని పారవేయమని నేననను. అయితే వాటిని మనం గడువు తేదీ వేసిన ప్రామిసరీ నోట్లలాగా చదవడం మొదలుపెట్టాక, డిసెంబరు వచ్చేసరికి దేవుడు బాకీదారుగా కనిపిస్తాడు, లేదా మనమే అపరాధులుగా మిగిలిపోతాం.

‘కనిపెట్టుట’ అన్న మాటను నేటి తెలుగులో కొత్తది కనుగొనడానికే ఎక్కువగా వాడుతున్నాం గాని, ఊరికి వెళ్తూ పక్కింటివారితో “ఇల్లు కాస్త కనిపెట్టుకొని ఉండమ్మా” అన్నప్పుడు దాని పాత అర్థం ఇంకా బతికే ఉంది. మన బైబిలులోని కనిపెట్టుట ఆ జాతి మాట. జొన్నచేనులో మంచె ఎక్కిన మనిషిని చూడండి: పంట ఎప్పుడు పండుతుందో అతని చేతిలో లేదు, అయినా వడిసెల అతని చేతిలో ఉంటుంది, కన్ను చేనిమీద ఉంటుంది, పిట్టలు వాలితే కేక వేస్తాడు. 130వ కీర్తనకారుడు కావలివారు ఉదయం కోసం కనిపెట్టడంకంటె ఎక్కువగా తన ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతున్నదని అన్నాడు. అతడు ఎదురుచూసింది ప్రభువు కోసం, ఫలానా తేదీ కోసం కాదన్నది గమనించండి.

ఇక ఆసుపత్రి సంగతి. ఆ పెద్దావిడ హాగరు కథను సగమే చదివారనిపిస్తుంది. శారా భర్త అబ్రాహాము హారాను విడిచినప్పుడు అతనికి 75 ఏళ్ళు, దాసియైన హాగరుకు ఇష్మాయేలు పుట్టినప్పుడు 86, శారాకు ఇస్సాకు పుట్టినప్పుడు 100. ఆ పాతికేళ్ళ మధ్యలో జరిగిన తప్పు వైద్యం చేయించుకోవడం కాదు. కాదనే వీలులేని ఒక దాసిని తమ అవసరానికి వాడుకొని, ఆపైన ఆమెను శ్రమపెట్టి ఇంటినుంచి పారిపోయేలా చేయడం. మీ మందుల చీటీకి దానితో పోలిక లేదు. జబ్బుపడిన హిజ్కియా రాజు కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు 15 ఏళ్ళ ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాడు, అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు. యోసేపు చెరసాలలో కనిపెడుతూనే, పానదాయకుల అధిపతితో తన సంగతి ఫరోకు చెప్పమని అడిగాడు. ఆ మనిషి మరచిపోయి రెండేళ్ళు గడిచాయంటే, అడగడం తప్పని కాదు. మాటలో మాట, పరీక్షలు మీ ఒక్కరికే చేస్తున్నారా? భార్యను మాత్రమే ఆసుపత్రుల చుట్టూ తిప్పే కుటుంబాలను చాలా చూశాను గనుక అడుగుతున్నాను. మీ భర్తగారు కూడా చేయించుకోవాలి.

మీ జిల్లాలోనే కనిపెట్టడానికి ఒక కొండ సాక్షిగా ఉంది. 1854 జనవరి 1న, తెల్లవారకముందే, అమెరికా బాప్టిస్టు మిషనరీ లైమన్ జెవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ప్రార్థించారు. ఫలితం లేదని ఆ బాప్టిస్టు మిషనును మూసివేయాలన్న మాట అమెరికాలో అంతకు ముందే నడిచింది, తరువాత 1862లోనూ వచ్చింది. అప్పుడు జెవెట్ తానొక్కడైనా తిరిగి వెళ్తానన్నాడు. అదే మిషను పంపిన మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడింది 1866లో. మరుసటి ఏడు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. మనం వేదికలమీద 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న అంకెను ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాం గాని, దానికి ముందటి 24 ఏళ్ళను ఒక్క వాక్యంలో దాటేస్తాం. ఆ ఏళ్ళలో కొండెక్కినవారు కొండమీదే కూర్చోలేదు. జెవెట్ నెల్లూరులో బోధిస్తూ తెలుగు కొత్త నిబంధనను సవరించే పని చేశాడు. 1876–78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని కల్పించిన క్లౌ, జనం కూడు కోసం వస్తున్నారేమోనని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపివేశాడు. కోత కళ్ళెదుట ఉన్నా కొడవలి పట్టకుండా ఉండటం, నా దృష్టిలో, కొండమీది ప్రార్థనకంటె కష్టం.

అయినా ఆ కథ చెప్పి, మీకూ అలాగే జరుగుతుందని నేను రాయలేను. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం చివర, విశ్వాసంవల్ల మంచి సాక్ష్యం పొందినవారే వాగ్దాన ఫలం అనుభవించకుండా వెళ్ళిపోయారని ఉంది. వారి విశ్వాసం తక్కువని ఆ పత్రిక అనలేదు, మీది తక్కువని అనే హక్కు నాకు లేదు. నాకున్న నిరీక్షణ ఇది: బిడ్డ పుట్టినా పుట్టకపోయినా ఆయన మిమ్మల్ని విడువడు. ఇది చిన్న మాటగా తోచే రోజులుంటాయని నాకు తెలుసు. అలాంటి రోజున 13వ కీర్తన తెరవండి. ‘యెహోవా, ఎన్నాళ్ళవరకు’ అని మొదలవుతుంది. సంతానం లేని హన్నా మందిరంలో ఏడ్చి ప్రార్థిస్తూ పెదవులు మాత్రమే కదిలిస్తుంటే యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. దేవుడు అలా అనుకోలేదు.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఆ పెద్దావిడను తోడు రమ్మని అడగండి. చీటీ తీసుకొని వరుసలో కూర్చున్నాక, ఇద్దరూ కలిసి యెషయా 38వ అధ్యాయం చదువుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది.